డైరెక్టరీలో రెండే ఇళ్లు

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. రాశానంటే అదెక్కడి పేరు, వీళ్లెవరు అని మీరు వెంటనే ఆరా తీస్తారు. ఆ ఆరాలతోనే మా సగం జీవితం గడిచిపోయింది. అరబ్బీ మాట అని మాత్రం చెబుతాను. షేక్, సయ్యద్, పఠాన్ లాంటిది కాదు. ఆ పేర్లయితే తెనాలిలో ఏ వీధిలో నిలబడి పిలిచినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు. మా పేరు చెబితే మాత్రం రేషన్ కార్డు రాసే ఆయన పెన్ను ఆపి మొహం చూసేవాడు.

"ఏ ఊరండి మీది?"

"తెనాలేనండి."

"అది కాదండి, అసలు ఊరు?"

అసలు ఊరు కూడా తెనాలే అంటే ఒక్కరూ నమ్మేవాళ్లు కాదు. వాళ్లను అని లాభం లేదు. నమ్మకపోవడంలో మా నాన్న వాళ్లందరికంటే నాలుగు ఆకులు ఎక్కువ చదివాడు.

నాన్న గడియారాలు బాగు చేసేవాడు. మార్కెట్ దగ్గర సందులో చిన్న కొట్టు, దాని మీద పెద్ద బోర్డు. బోర్డులో మా ఇంటిపేరు జానెడు అక్షరాలతో ఉండేది, 'వాచ్ వర్క్స్' అన్న మాట కింద ఎక్కడో చీమల బారులా. వాచీ దానంతటదే ఆగిపోయిందని ఎవరైనా అంటే, కంటికి అద్దం పెట్టుకుని లోపలికి చూసి, "నీళ్లలో పడేశారు, నిజం చెప్పండి" అనేవాడు. మా అమ్మ పక్కింటికి వెళ్లి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఏం మాట్లాడుకున్నారో పూస గుచ్చినట్టు చెప్పాల్సిందే. అనుమానం మా ఇంట్లో జబ్బు. నాకూ అంటుకుంది, ఒప్పుకుంటున్నాను.

ఒక్క ఇంటిపేరు విషయంలో మాత్రం ఆయనకు ఏ అనుమానమూ లేదు. మా పూర్వీకుడొకడు అరబ్ దేశం నుంచి అత్తరు సీసాలతో ఓడెక్కి నిజాంపట్నంలో దిగాడట. ఈ దేశంలో ఆ పేరున్నది మా ఒక్కరికేనట. రుజువు ఏంటంటే గోడ మీద ఫొటో చూపించేవాడు. అందులో ఆయన తాత కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాడు, కుడి చేయి మోకాలి మీద, ఎడమ చేయి శాలువా లోపల. "ఆ చెయ్యి లోపల పెట్టుకోవడం చూడండి. అరబ్బుల దర్జా అది, మనకెక్కడ వస్తుంది!" అనేవాడు. చిన్నప్పుడు నేనూ అక్కా దుప్పట్లోకి ఎడమ చేయి దూర్చుకుని దర్జాగా కూర్చునే ఆట ఆడేవాళ్లం.

అయినా వెతకడం మానేవాడు కాదు. తెనాలి స్టేషన్‌కి ఏ పని మీద వెళ్లినా, రైలు పెట్టెలకు అంటించిన రిజర్వేషన్ చార్టులు చివరి దాకా చదివి వచ్చేవాడు. ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితా పెడితే మా వార్డుతో ఆగేవాడు కాదు. ఎక్కడా మా పేరు కనపడలేదని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

ఆ వెలుగు ఆర్పింది నేనే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజుల్లో, నేను బస్టాండు దగ్గర ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చునేదాన్ని. మధ్యాహ్నాలు జనం ఉండరు. ఊసుపోక జిల్లా టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తుంటే మా పేరు రెండు చోట్ల కనపడింది. ఒకటి మాది. రెండోది రేపల్లెలో. నాన్నకు చూపిస్తే అద్దం పెట్టుకుని మరీ చదివాడు. అక్షరం తేడా లేదు.

"మన పేరు వీడికెక్కడిది?" అన్నాడు.

ఆ రోజు నుంచి రేపల్లె అంటే మా ఇంట్లో దొంగల పేట. ఒకసారి బూత్ నుంచి ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో పెద్దాయన "హలో" అన్నాడు. గొంతులో దొంగతనం ఏమన్నా వినపడుతుందేమోనని ఒక నిమిషం విని పెట్టేశాను. నవ్వుకోండి. అప్పుడు మాత్రం చాలా సీరియస్‌గానే చేశాను.

మా అక్క బాపట్లలో బీఈడీ చదివింది, రోజూ రైల్లో వెళ్లి వచ్చేది. మొదటి రోజు హాజరు పిలుస్తుంటే మా ఇంటిపేరుతో వరసగా రెండు పేర్లు వచ్చాయట. రెండో అతను రేపల్లె. ఆ పేరు మరెక్కడా విని ఉండకపోవడంతో క్లాసంతా వాళ్లను అన్నాచెల్లెళ్లనుకుంది. "మీ అన్నయ్య రాలేదేంటమ్మా?" అని లెక్చరర్లు అక్కనే అడిగేవాళ్లు. కాదని చెప్పడానికి వీళ్లిద్దరూ మొదట్లో మొహమాటపడ్డారు, తర్వాత అవసరం లేదనుకున్నారు. అన్నాచెల్లెళ్లు కలిసి టిఫిన్ తింటే ఎవరేమనుకుంటారు? ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ బాపట్లలోనే ప్రైవేటు స్కూళ్లలో ఉద్యోగాలు వచ్చాయి. రేపల్లె వాళ్లను నాన్న తిడుతుంటే అక్క నవ్వడం మానేసినప్పుడే నాకు అనుమానం తగిలింది.

ఒక ఆదివారం కొత్తిమీర బాగు చేస్తూ నాతో చెప్పింది. చేసుకుంటే అతన్నే చేసుకుంటానంది. నేను అమ్మకు చెప్పాను, అమ్మ నాన్నకు చెప్పింది.

బయటివాళ్లకు ఇందులో చిక్కు ఏంటో తెలియకపోవచ్చు. మా మతం ప్రకారం అడ్డేమీ లేదు, చిన్నాన్న కొడుకునైనా చేసుకోవచ్చు. మసీదు హజరత్ గారు కూడా అదే మాట అన్నారు. కానీ తరతరాలుగా ఈ నేల మీద, ఈ ఇరుగుపొరుగు మధ్య బతికినవాళ్లం. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ముల బిడ్డలే అన్న పట్టింపు మా రక్తంలోకీ ఎక్కింది. షేక్ పిల్లని షేక్ పిల్లాడికిస్తే ఎవరూ పట్టించుకోరు, సగం ఊరు షేక్‌లే. జిల్లాలో రెండే ఇళ్లకున్న పేరైతే మాత్రం అందరి కళ్లూ అక్కడే పడతాయి.

నాన్న తీర్పు ఒక్క నిమిషంలో వచ్చేసింది. "మనవాళ్లయితే వాడు దానికి అన్న. మనవాళ్లు కాకపోతే పేరు దొంగ. ఎటు చూసినా పెళ్లి లేదు."

అక్క ఏడవలేదు. స్కూలు నుంచి వచ్చి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చునేది. అన్నానికి పిలిస్తే వచ్చేది, తినేది, లేచిపోయేది. ఆ మౌనం చూస్తే నాకు భయం వేసింది. అమ్మ పోరు పడలేక నాన్న రేపల్లె వెళ్లి చూసి వస్తానన్నాడు, తోడు నన్ను తీసుకెళ్లాడు. చూసి రావడమంటే ఆయన దృష్టిలో దొంగను పట్టుకోవడమే.

రేపల్లె పెద్దాయన ఆ అబ్బాయి తండ్రి, బట్టల కొట్టు నడుపుతాడు. ఫోన్లో విన్న గొంతు ఆయనదే, వెంటనే గుర్తు పట్టాను. కుర్చీలు వేసి టీ, ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. ఇద్దరు పెద్దమనుషులూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"ఏమనుకోకండి గానీ, ఈ పేరు మీకెలా వచ్చిందండి?" అన్నాడాయన.

"నేనూ అదే అడుగుదామని వచ్చానండి," అన్నాడు నాన్న.

ఆయన తమ కథ చెప్పాడు. అరబ్ దేశం, ఓడ, నిజాంపట్నం, అత్తరు. నాన్న చేతిలో టీ చల్లారిపోయింది. చివరికి ఆయన, "పేరు ఒకటే, కథ ఒకటే అయితే మనం అన్నదమ్ములమే అవుతాం కదండీ. మా చిన్నాన్నలు ఈ సంబంధానికి ఒప్పుకోరు. రంజాన్ లోపు ఏదో ఒకటి తేల్చండి. లేదంటే మావాడికి నరసరావుపేట సంబంధం ఖాయం చేసేస్తాం," అన్నాడు.

తిరుగు రైల్లో నాన్న ఉడికిపోయాడు. "పేరు సరే, కథ కూడా ఎత్తుకుపోయాడు చూడు!"

ఇక అడగడానికి మిగిలింది బాపట్ల నానమ్మ ఒక్కతే. ఆవిడ నాన్నకు మేనత్త, ఫొటోలో ఉన్న ఆయనకు సొంత కూతురు. ఎనభై దాటాయి. మర్నాడు సాయంత్రం వెళ్లాం, అక్క స్కూలు నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. నానమ్మ మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. నాన్న సంగతంతా చెప్పి, "అత్తా, వాళ్లూ మనమూ ఒకటేనా కాదా? నువ్వే చెప్పాలి," అన్నాడు.

నానమ్మ అడకత్తెర పక్కన పెట్టింది. అక్కను దగ్గరికి పిలిచింది.

"పిల్లాడు మంచోడేనా?"

అక్క తలూపింది.

"చేసుకోకపోతే ఉండలేవా?"

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్ని రోజుల్లో అదే మొదటిసారి. నానమ్మ మంచినీళ్లు తెమ్మంది, నిదానంగా తాగింది, అప్పుడు మొదలుపెట్టింది.

"ఒకటి కాదురా. ఆ పేరు మనది కాదు, వాళ్లదే. మా నాన్నది దూది ఏకే పని. కుర్రతనంలో రేపల్లెలో వాళ్ల పెద్దోళ్ల వసారాలోనే ఉండేవాడు. వాళ్ల పరుపులకీ బొంతలకీ పొద్దస్తమానం విల్లు పట్టుకుని దూది ఏకేవాడు. ఊళ్లోవాళ్లు ఆయన్ని కూడా ఆ ఇంటి పేరుతోనే పిలిచేవాళ్లు. తెనాలి వచ్చాక అదే కాయితాల్లోకి ఎక్కింది. మన ఇంటిపేరు వేరే ఉంది." అంటూ పొన్నూరు దగ్గర ఒక పల్లె పేరు చెప్పింది. అచ్చ తెలుగు పేరు.

"ఇన్నేళ్లూ చెప్పలేదేంటి?" అన్నాడు నాన్న.

"ఎవరడిగారురా నన్ను? నువ్వు ఓడ కథ చెప్పుకుంటంటే బాగుందిలే అని ఊరుకున్నా," అంది, మళ్లీ వక్కలందుకుంది.

నాకు ఆ కథ మీద అప్పుడే అనుమానం పుట్టింది. తడుముకోకుండా చెప్పింది. పైగా ముందు పిల్లాడి గురించి అడిగి, ఆ తర్వాత కదా పేరు సంగతి ఎత్తింది! కానీ అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను. నాన్న వైపు చూశాను. ఈయన ఊరుకోడు, ఇప్పుడు అద్దం తీస్తాడు, ఏ ఊరు, ఏ వసారా, ఎన్నేళ్లు అని గుచ్చి గుచ్చి అడుగుతాడు అనుకున్నాను. నాన్న లేచి, "సరే అత్తా, వస్తాం," అన్నాడు. అంతే.

రేపల్లె పెద్దాయనకు ఆ మాట చేరగానే ఒక్కసారిగా పెద్ద మనసు వచ్చేసింది. "అలా చెప్పండి మరి! మా వసారాలో పెరిగిన మనుషులే కదండి," అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నాన్న మాత్రం తలదించుకుని, అవునండి అన్నాడు. చిన్నాన్నలు ఒక్క షరతు పెట్టారు. నిఖాలో పదిమంది ముందు పెళ్లికూతురి తండ్రి తన అసలు ఇంటిపేరు చెప్పాలి.

నిఖా తెనాలిలో జరిగింది. ఖాజీ గారు పెళ్లికూతురి తండ్రి పేరు అడిగారు. మా వీధి వాళ్లు, కొట్టు చుట్టుపక్కల వాళ్లు, నాన్న దగ్గర ఓడ కథ నూరుసార్లు విన్నవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. నాన్న తన పేరుకు ముందు ఆ పల్లె పేరు పెట్టి గట్టిగా చెప్పాడు. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. తెర వెనక అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. కాగితాల్లో మాత్రం ఏమీ మారలేదు. అక్క పుట్టింటి పేరూ అత్తింటి పేరూ ఒకటే.

ఆ వారమే నాన్న కొట్టు బోర్డు మార్పించాడు. 'వాచ్ వర్క్స్' ఒక్కటే మిగిలింది, ఈసారి జానెడు అక్షరాలతో. ఆ తర్వాత స్టేషన్‌లో చార్టులు చదవడం కూడా మానేశాడు.

ఏడాది గడిచాక బాపట్ల నానమ్మ పోయింది. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక కొట్టుకు కాఫీ తీసుకెళ్లాను. ఇంటి గోడ మీద ఉండాల్సిన ఫొటో ఆయన బల్ల మీద ఉంది, గుడ్డతో తుడుస్తున్నాడు. నాలో అనుమానపు పురుగు ఊరుకోలేదు.

"నాన్నా, నానమ్మ చెప్పింది నిజమేనంటావా?"

ఆయన ఫొటోలో శాలువా మీద వేలు పెట్టాడు.

"నా చిన్నప్పుడు ఈయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. ఈ చేతికి రెండే వేళ్లుండేవి. చెరుకు గానుగలో పోయాయట, పదేళ్ల వయసులో. అందుకే ఎప్పుడూ శాలువా కింద దాచుకునేవాడు. దూది ఏకాలంటే విల్లు పట్టుకోవాల్సింది ఈ చేత్తోనే."

దర్జా అని మేమాడిన ఆట గుర్తొచ్చింది.

"మరి ఆ రోజు అక్కడే ఎందుకు అడగలేదు?"

"ఆవిడకి తెలీదా, సొంత తండ్రి చెయ్యి? మీ అక్క కోసం తండ్రినే మార్చి చెప్పింది ముసల్ది. పేరు మార్చి చెప్పడానికి నాకేం పోయింది?"

అని, కంటి అద్దం తీసి పెట్టుకుని బల్ల మీదికి వంగాడు. బల్ల మీద వాచీ ఏదీ లేదు.