నా నవలలో మా అన్న పట్టిన తప్పు

మా అన్న పద్దెనిమిదేళ్లకు మిలిటరీలో చేరాడు. పదిహేడేళ్లు చేసి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో పింఛను కాగితాలతో గద్వాలకు తిరిగొచ్చాడు. నేనప్పుడు మల్దకల్ దిక్కు ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ను. ఇంట్లో అమ్మ, నేను. అమ్మ అప్పటికీ పత్తి చేన్లలో కూలికి పోతూనే ఉండేది, ఆదివారం మాత్రం చర్చికి.

అన్న వచ్చిన నెల లోపే ఒక సంగతి గమనించాను. ఒకరోజు పొద్దున అమ్మకు బియ్యం చెరగడంలో సాయం చేద్దామని లేచాడు. గోడ వైపు చెయ్యి చూపి, "అమ్మా, అది ఇయ్యి" అన్నాడు.

"ఏది బిడ్డా?"

"అదే... బియ్యం చెరిగేది."

"చాటనా?"

"ఆ, చాట" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. అన్న చాట తీసుకుని రెండుసార్లు చెరిగి కింద పెట్టేసి బయటికి పోయాడు. ఆ తర్వాత కవ్వం, దూలం, పొలిమేర, ఇట్లా ఒక్కో మాట దగ్గర ఆగిపోయేవాడు. పదిహేడేళ్లు హిందీలో బతికిన మనిషి కదా అని అమ్మ పట్టించుకోలేదు. నాకు మాత్రం అది మనసులో ఉండిపోయింది. అక్కడ ఏం జరిగిందని అడిగితే, "చలి ఉంటది చెల్లె, శానా చలి" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు.

ఆ ఏడే నవల మొదలుపెట్టాను. పేరు "ఇనుప దండు". ఒక కొండ రాజ్యపు సైన్యం పన్నెండేళ్లుగా ఒక కోటను ముట్టడి చేస్తుంటుంది. రాజు ఒక మాంత్రికుడితో ఒప్పందం చేసుకుంటాడు. సిపాయిలకు కత్తి దిగదు. దానికి బదులు, ఒక మనిషిని చంపినప్పుడల్లా చంపినవాడి నోట్లోంచి ఒక మాట పోతుంది. మొదట్లో పిట్టల పేర్లు, కూరగాయల పేర్లు పోతాయి. ఎవరూ పట్టించుకోరు. తర్వాత వరసలు పోతాయి. కోట గెలిచి ఇంటికొచ్చేసరికి ఎదురొచ్చిన తల్లిని ఏమని పిలవాలో ఒక్కడికీ తెలియదు. బడి నుంచి వచ్చి, వంట చేసుకుని, వరండాలో కూర్చుని రెండేళ్లు రాశాను. అన్న అటూ ఇటూ తిరుగుతూ చూసేవాడు. ఏం రాస్తున్నావని అడగలేదు. నేనూ చూపలేదు. ఆయన మౌనం మీద కథ కట్టానని తెలిస్తే నొచ్చుకుంటాడేమోనని భయం.

హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణ సంస్థ వాళ్లు అచ్చు వేశారు. కట్టలు బస్సులో వచ్చిన రోజు అన్నే స్టాండుకు పోయి భుజం మీద మోసుకొచ్చాడు. కట్ట విప్పి, ఒక ప్రతి చేతిలోకి తీసుకుని, అట్ట మీద నా పేరు చాలాసేపు చూశాడు. అప్పటికి ఆయన విత్తనాల గోదాం దగ్గర పగటి కాపలా. మరునాడు సద్ది డబ్బాతో పాటు ఆ పుస్తకం కూడా సంచిలో పెట్టుకుని పోయాడు. పదకొండు రోజులు అట్లాగే తీసుకుపోయి, తీసుకొచ్చాడు. పన్నెండో రోజు పుస్తకం నా బల్ల మీద ఉంది. పేజీలన్నీ తిప్పి చూశాను. ఒక గీత లేదు, ఒక మాట లేదు. ఎట్లుందని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఈలోపు సమీక్షలు వచ్చాయి. ఒక పత్రిక ఆదివారం సంచికలో ఆరు వాక్యాలు వేసింది. "రక్తం ఎక్కువ, కథ తక్కువ" అన్నది అందులో ఒకటి. ఇంకొకరు ఇది పిల్లల కథా పెద్దల కథా తేల్చుకోలేకపోయామని రాశారు. నా విద్యార్థుల తండ్రి ఒకాయన, "టీచరమ్మ గిట్ల పీనుగుల కథ రాసింది ఏంది?" అని హెడ్మాస్టర్ను అడిగాడట.

నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో చర్చ పెడతామని కబురు వచ్చినప్పుడు నాకు పోవాలని లేదు. అన్న తనంతట తనే అన్నాడు: "నేనూ వస్త. ఒక్కదానివి ఎట్ల పోతవ్." ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు.

ప్రధాన వక్త వనపర్తిలో ఉండే పెద్ద విమర్శకుడు. కాలేజీలో చెప్పి రిటైరైన మనిషి. ఆయన మాటంటే జిల్లాలో రాసేవాళ్లందరికీ గౌరవం, భయం రెండూ. నలభై నిమిషాలు మాట్లాడాడు. భాష బాగుందన్నాడు. మొదటి సగం పట్టు ఉంది, చివరి సగం పొడుగైందన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మన ఊర్లకెల్లి బొంబాయికి బస్సులు నిండుగ పోతున్నయి. చేన్లు ఎండిపోయినయి. గిసొంటి జిల్లాల కూసొని ఈమె మాంత్రికుల దండు కథ రాసింది. సరే, రాయనీ. కాని యుద్ధం గురించి రాసేటోళ్లకు యుద్ధం తెల్వాలె కద. ఏమమ్మా, నువ్వు ఎప్పుడన్న తుపాకి చూసినవా?"

సభ నవ్వింది. వెనక్కి తిరిగి అన్న వైపు చూశాను. ఆయన కిటికీ దిక్కు చూస్తున్నాడు. నేను గభాల్న ముందుకు తిరిగి, ఇక సభ ముగిసేదాకా తల ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో, విమర్శకుడు ముందు బస్సుకు పోయాక, తర్వాతి వనపర్తి బస్సెక్కాం. ఊరు దాటాక అడిగాను.

"అన్నా, నువ్వు లేచి ఒక్క మాట అనొచ్చు గద. మా చెల్లెకు తెల్వకపోతే నాకు తెలుసు అని."

"ఏం తెలుసు నాకు?" అన్నాడు.

గోపాల్‌పేటలో బస్సు ఇంజను వేడెక్కి ఆగింది. నీళ్లు పోసి చల్లారేదాకా డ్రైవరు అందరినీ దిగమన్నాడు. రోడ్డు పక్క హోటల్ ముందు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. చాయ్ వచ్చింది. అన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"నాతోని ఒక దోస్తు ఉండె. మన దిక్కోడు గాదు, శానా దూరం. మంచుల డ్యూటీ పడితె పొద్దు పోదు కద. నీ భాష నాకు నేర్పియ్యి అనేటోడు. రోజుకో మాట నేర్పేటోన్ని. చాట, కవ్వం, దూలం... ఇంట్ల ఏమేం ఉంటయో అన్నీ. వాడు తప్పు పలికితె నేను నవ్వేటోన్ని."

"ఇప్పుడు యాడున్నడు?"

"లేడు." చాయ్ తాగాడు. "వాడు పోయినంక ఆ మాటలు నాకు రాలె. నోటిదాక వస్తయి, ఆగిపోతయి."

నా గ్లాసు బల్ల మీద పెట్టాను. ఆయన నా వైపు తిరిగాడు.

"పుస్తకం మొత్తం చదివిన చెల్లె. మంచిగుంది. ఒక్కటి తప్పు రాసినవ్. చంపితె మాట పోతదని రాసినవ్ గద. చంపితె పోదు. మనోడు పోతె పోతది."

"మరి ముందే ఎందుకు చెప్పలె?"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలె."

ఇంకా చెప్పమన్నాను. ఆ దోస్తు ఎట్లా పోయాడని అడిగాను. డ్రైవరు హారన్ కొట్టాడు. అన్న లేచి, "ఇంకోసారి చెప్త" అన్నాడు. వనపర్తిలో బస్సు మారాక కూడా, గద్వాల వచ్చేదాకా కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఆ ఇంకోసారి రాలేదు. నేను అడగలేదు. టైం ఉందనుకున్నాను. మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం గోదాం దగ్గర గుండెలో నొప్పని కూర్చుండిపోయాడట. కర్నూలు దవాఖానకు జీపులో తీసుకుపోతుంటే, అలంపూర్ చౌరస్తా దాటాక నా చెయ్యి పట్టుకున్న ఆయన చెయ్యి వదులైంది. ఆయనకు నలభై నిండలేదు. అమ్మ ఆ ఏడాది చేన్లకు పోలేదు.

రెండేళ్లు నేనొక అక్షరం రాయలేదు. ఆ తర్వాత ఎక్కడో యూనివర్సిటీలో చదివే అమ్మాయి "ఇనుప దండు" మీద పొడవాటి వ్యాసం రాసింది. అప్పుడు ఎవరూ చూడని పుస్తకమని, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల కథ తెలుగులో ఇట్లా ఎవరూ చెప్పలేదని రాసింది. ఆ వ్యాసం చదివి ప్రచురణకర్త రెండో ముద్రణ వేస్తామని ఫోను చేశాడు. పొగడ్త కాగితం చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చూపించాల్సిన మనిషి లేడు.

ప్రచురణకర్తను ఒక ఎండాకాలం గడువు అడిగాను. సెలవులన్నీ కూర్చుని నవల మళ్లీ రాశాను. ఒప్పందం మార్చాను. ఇప్పుడు కత్తి దిగని వరం కొందరికే. అట్లాంటి సిపాయి పక్కనున్నవాడు పడిపోతే, బతికినవాడి నోట్లోంచి ఒక మాట పోతుంది. ఆ ఒక్కటి మార్చేసరికి పుస్తకమంతా మారింది. కొన్ని పేజీల దగ్గర రాయలేక లేచిపోయి బావి దగ్గర నిలబడేదాన్ని.

రెండో ముద్రణ వచ్చిన కొన్నాళ్లకు వనపర్తి విమర్శకుడు గద్వాలలో ఒక పెళ్లికి వచ్చి, ఇల్లు కనుక్కుని మా ఇంటికొచ్చాడు. బాగా నీరసించాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి గోడ పట్టుకున్నాడు. అమ్మ కుర్చీ వేసింది.

"మల్ల చదివిన అమ్మా. చివరి సగం మీద నా మాట మార్చుకోను, అది ఇంకా పొడుగే ఉంది" అన్నాడు. "కాని ఆ శాపం మార్చినవ్ చూడు, ఇప్పుడు నవలయ్యింది. ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా అన్న, సార్. మిలిటరీలో చేసిండు. నాగర్‌కర్నూల్ సభకు కూడా వచ్చిండు. ఇప్పుడు లేడు."

ఆయన కళ్లద్దాలు తీశాడు.

"వెనుక వరుసల, కిటికీ పక్కన కూసున్న మనిషా? సన్నగ, పొడుగ్గ?"

"అవును సార్."

"నేను నిన్ను తుపాకి సంగతి అడిగినంక కొంచెంసేపటికి ఆయన చెయ్యి ఎత్తిండు. నేను చూసిన. నాకు వనపర్తి బస్సు దొరకదని, ఇగ ముగించమని అధ్యక్షునికి చీటి పంపిన. ఆయన ఇంకా కొద్దిసేపు ఎత్తే ఉంచి దించుకున్నడు."

అమ్మ వంటింటి గడపలో నిలబడి వింటోంది. నేను తల దించుకుని కూర్చున్న ఆ కొన్ని నిమిషాల్లో అది జరిగింది. వెనక్కి ఇంకొక్కసారి చూసి ఉంటే కనిపించేది.

"తప్పయింది అమ్మా" అన్నాడాయన.

నేను తల అడ్డంగా ఊపాను. ఏ చెయ్యి ఎత్తాడని అడిగాను. కుడి చెయ్యన్నాడు. ముఖం ఎట్లా ఉందని అడిగాను, కోపంగా ఉన్నాడా అని. అంత దూరం నుంచి కనిపించలేదన్నాడు. అమ్మ వచ్చి నా పక్కన కింద కూర్చుంది. "ఎంతసేపు ఎత్తిండు సార్, మా పిలగాడు?" అని అడిగింది. ఆయనకు గుర్తున్నంత చెప్పాడు. ఆయన చెప్పడం అయిపోయాక కూడా మేమిద్దరం ఆయన వైపే చూస్తూ కూర్చున్నాం.