నష్టానికి కారణం: ఎర్మెస్

ఇటలీలోని సస్సువోలో ఊళ్ళో ఎవరింటికి విందుకు పిలిచినా ఎర్మెస్ తాల్యవీని ముందు నేల చూస్తాడు. పరిచింది మొదటి రకం టైలా, రెండో రకమా అని తేల్చాకే కూర్చుంటాడు. భార్య తిడుతూనే ఉంటుంది. టైల్స్ ఫ్యాక్టరీలో మూడో లైన్ అతనిది, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ.

కొలిమిలో కాలే టైల్ రంగు పూటపూటకూ కాస్త మారుతుంది. ఒకే పెట్టెలో రెండు ఛాయలు పడితే కొన్నవాడి వంటిల్లు మచ్చలపాలు. అందుకే అనుమానం వస్తే ఎర్మెస్ లైన్ ఆపి, టైల్ చంకన పెట్టుకుని తలుపు దగ్గరి ఎండలోకి పోతాడు. అక్కడ ఒక సిగరెట్టు కూడా వెలుగుతుంది. అది వేరే సంగతి.

ఆ మధ్య లైన్ పక్కన కంప్యూటర్ తెర పెట్టారు. లైన్ ఎందుకు ఆగిందో బటన్ నొక్కి చెప్తేనే మళ్ళీ కదులుతుంది. రంగు చూడటానికి బటన్ లేదు. "ఇతరం" నొక్కితే వివరం టైపు చేయమంటుంది. దానికి గ్లోవ్స్ విప్పాలి. "మట్టి అందలేదు" బటన్ మాత్రం పెద్దగా, చేతికందేలా ఉంది. ఎర్మెస్ రోజూ దాన్నే నొక్కాడు.

ఒక సోమవారం ప్లానింగ్ చూసే దాలియా వచ్చింది.

"ఎర్మెస్ గారూ, మూడు లైన్లకీ మట్టి చాలట్లేదట. మీ లైన్ మూసేస్తున్నారు. మిమ్మల్ని గోడౌన్‌కి వేస్తారు."

"చాలకపోవడమేంటమ్మాయ్! నెత్తిమీద తొట్టి పొంగుతోంది!"

"తెరకి చెప్పింది మీరేగా?"

పెట్టెలు కట్టే నీవెస్ పకపకా నవ్వింది. "చెప్పవయ్యా, పొగ తాగుతూ మట్టి కోసం ఎదురుచూస్తున్నానని!"

గోడౌన్‌కి కిటికీల్లేవు. ఎండ పడదు, రంగూ తెలియదు. ఎర్మెస్ దాలియాని ఎండలోకి లాక్కెళ్ళి రెండు టైల్స్ చేతిలో పెట్టాడు.

"ఇది పచ్చగా ఉందే!" అందామె వెంటనే. "దీనికా ఆపేది? మరి అబద్ధం ఎందుకు నొక్కారు?"

"అబద్ధం కాదు తల్లీ, పెద్ద బటన్ నొక్కాను."

దాలియా పైవాళ్ళతో గొడవపడి లైన్ నిలబెట్టింది. రంగు చూడటానికి కొత్త బటన్ కూడా పెట్టింది. హడావుడిలో పేరు తోచక "ఎర్మెస్" అని రాసి, అన్నిటికన్నా పైన పెద్దగా పెట్టేసింది. ఇంకేముంది, మూడు లైన్లవాళ్ళూ దాన్నే నొక్కారు. కాఫీకి వెళ్ళినా ఎర్మెస్, నీవెస్‌కి ఫోనొచ్చినా ఎర్మెస్.

మరుసటి సోమవారం అందరి ముందూ పెద్ద తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: "ఈ వారం నష్టానికి ప్రధాన కారణం: ఎర్మెస్."

చప్పట్లే చప్పట్లు. ఎర్మెస్ మొదటిసారి గ్లోవ్స్ విప్పి, ఫొటో తీసి భార్యకి పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది: "ఇది చెప్పడానికి కంప్యూటర్ కావాలా?"