అవ్వకు చెప్పొద్దన్నారు

ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నా కోపానికి ఇంట్లో గిరాకీ లేదు కాబట్టి ఇలా కాగితం మీద పెడుతున్నాను.

అప్పట్లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు పంతుల్ని. పగలంతా జావా చెప్పి, ఇంటికొచ్చి జావ తాగేవాణ్ణి. రెండూ పలచనే. కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఇల్లు. పైన నేనూ మా ఆవిడా అద్దెకుండేవాళ్లం, కింద ఓనరు కుటుంబం. ఆ కుటుంబానికి పెద్దదిక్కు ఓనరు నాయనమ్మ. గల్లీ అంతటికీ అవ్వ.

అవ్వకు నూరేళ్లు దాటాయని అందరూ అనేవారు. ఎంత దాటాయో ఎవరికీ తెలియదు. ఆమెనడిగితే, "యాదికి లేదు బిడ్డా. దేవునికి సుత యాదికి లేనట్టుంది" అని నవ్వేది. ఆమె కొడుక్కే, అంటే మా ఓనరు తండ్రికే, ఎనభై దాటాయి. ఆయన్ని ఆమె "పోరడు" అనేది. పోరడు తిన్నాడని తెలిస్తే గానీ తను ముద్ద ముట్టేది కాదు.

ఊరంతా వృద్ధి గురించి మాట్లాడే కాలం. వృద్ధుల సంగతి ఎవరికీ పట్టదు. అవ్వ ఒక్కతే మినహాయింపు. బంధువులు పసిపిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్లో పడుకోబెట్టేవారు, ఆయుష్షు అంటుకుంటుందని. ఆమె పాత చీర చింపి ఉయ్యాలకు కట్టుకునేవారు.

పోరడికి జబ్బు చేసి పంజాగుట్టలో ఆసుపత్రిలో వేశారు. ఒకరోజు పొద్దున్నే ఓనరు పైకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సార్, నాయన పోయిండు. అవ్వకు చెప్తలేం. తట్టుకోదు. జర మీ ఇంట్ల కూసోబెట్టుకోండ్రి. మేం తీస్కపోయినంక కిందికి తోల్కపోత. అప్పటిదాంక ఏం చెప్పొద్దు సార్."

కన్నకొడుకు ముఖం ఆఖరిసారి చూసుకోవాలా వద్దా అన్నది, ఆ తల్లిని అడక్కుండానే తేల్చేశారు. నేను నోరు తెరిచేలోగా అవ్వను కుర్చీతో సహా మోసుకొచ్చి మా హాల్లో దింపారు. కింద చెదల మందు కొడుతున్నారని ఆమెకు చెప్పారట. వెళ్తూ వెళ్తూ టీవీ సౌండు పెంచారు.

వచ్చినవాళ్లకు మంచినీళ్లిద్దామని నేను కిందికి దిగాను. శవాన్ని అప్పుడే వాకిట్లో పడుకోబెట్టారు. మెట్ల దగ్గర ఒక దూరపు చుట్టం, మొన్న మొన్నటిదాకా మనవణ్ణి తెచ్చి అవ్వ ఒళ్లో పడేసినావిడే, పక్కావిడతో అంటోంది:

"కొడుకు ఆయుష్షు సుత తనే తాగింది ముసల్ది. ఇంక ఎవ్వల్ది తాగుతదో."

పక్కనే ఉన్న ఓనరు విన్నాడు. తల దించుకున్నాడు. తట్టుకోలేనిది అవ్వ కాదు, వీళ్లని అప్పుడర్థమైంది. ఉయ్యాలకు చీర కావాలి గానీ, ఆ చీర కట్టుకున్న మనిషి అక్కర్లేదు! చేతిలో ఉన్న నీళ్ల బిందె ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది. నేను గోదావరివాణ్ణి కదా, "ఏమండీ, కొంచెం..." అనేసరికి ఆవిడ జరిగి దారిచ్చింది. నా ఆగ్రహానికి ఫలితం అంతే.

పైకొచ్చేసరికి అవ్వ టీవీ చూడటం లేదు. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ స్టవ్ మీద పెట్టిన పెద్ద డేగిసాకేసి చూస్తోంది.

"గింత అన్నం ఎవరికమ్మా? మీరు ఇద్దరేనాయె."

మా ఆవిడకు అబద్ధం రాదు. "కిందికేనండి, మామ్మగారూ" అనేసింది.

అవ్వ ముఖం మారిపోయింది. "మా పొయ్యి ముట్టియ్యలేదా?"

చావింట్లో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లే వండి పంపాలి. అలా ఆ గల్లీలో ఎందరిళ్లకు వండి పంపిందో అవ్వ! చావు కబురు దాచారు, ఏడుపులు దాచారు, చెదల్ని కూడా పుట్టించారు. ఆచారాన్ని మాత్రం తూచా తప్పకుండా పాటించారు.

"పోరడేనా?" అంది అవ్వ.

నేను తలూపాను. ఆమె ఏడవలేదు. "కిందికి తోల్కపో" అంది.

నేను కేకేస్తే ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, నీకు బీపీ ఉన్నది..."

"మీ తాతను సాగతోలిన. ఇద్దరు బిడ్డలను సాగతోలిన. అప్పుడు గీ బీపీ ఏడ వోయిందిరా?"

"కింద చుట్టాలు ఏందేందో అంటున్నరు అవ్వా."

"ఏమంటున్నరో నాకెర్కనే. నా మొగం మీద అననియ్యి. లేపు కుర్చీ!"

మౌస్ కన్నా బరువైనది ఎత్తి ఎరగని చేతులు నావి. అయినా ఒక పక్క నేను పట్టాను. రొప్పుతూ మెట్లు దిగాను. వాకిట్లో కుర్చీ దింపాం. అవ్వ కొడుకు తల దగ్గర కూర్చుని చెంప మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

"గడ్డమేందిరా గిట్లున్నది? గిట్లనే తోలుదామనుకున్నరా?"

"దవాఖాన్ల కదవ్వా... టైమైతుంది. బండి వచ్చింది" అన్నారెవరో.

"ఆగుతడు. ఇన్నేండ్లు నా మాట ఇన్నడు. మంగలాయనను పిల్వుండ్రి."

గల్లీ చివరి సెలూన్ నుంచి మంగలి వచ్చాడు. అవ్వ చుట్టూ చూసి, మెట్ల దగ్గర మాట్లాడినావిడను చేత్తో పిలిచింది. "గా నీళ్ల చెంబు నువ్వు పట్టు." ఆవిడ అవ్వ ముఖం చూడకుండా పట్టింది. నాకు జాలి కలగలేదు.

మంగలి నురగ రాసి కత్తి ఆనించాడు. అవ్వ ముందుకు వంగింది.

"గదువ కింద మెల్లగ, బిడ్డా. ఆడ వానికి కోసుకుంటది."