ప్రశ్నకు జవాబు చెప్తేనే ఇడ్లీ

గిద్దలూరు బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటల్ నడిపే ఉమామహేశ్వర్లుకు ఒకటే పిచ్చి. ప్రశ్న అడగనిదే ప్లేటు పెట్టడు. మార్కాపురంలో ఫుడ్ సేఫ్టీ శిక్షణకు వెళ్లి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న రోజు నుంచి పట్టుకుంది ఈ జబ్బు.

"ఫ్రిజ్‌లో పై అరలో ఏముండాల? పచ్చి కూరగాయలా, వండిన కూరా?" అని వంటగది కిటికీ వైపు తిరిగి గోడలు అదిరేట్టు అరిచేవాడు.

"మామా, నా బస్సు పోతాది," అని ఏడుపుమొహం పెట్టేవాడు కండక్టరు సామ్యేలు.

"కండక్టరు లేకుండా ఏ బస్సు పోతాది? చెప్పు."

"వండిందే పైన! పచ్చిదాని మురికి దాంట్లో పడకూడదు. ఇడ్లీ పెట్టు మామా, నీకు దండం!"

యర్రగొండపాలెంలో బంధువుల పెళ్లికి వెళ్లి అక్కడా మానలేదు. తలంబ్రాలు చేతపట్టుకున్న పెళ్లికొడుకును ఆపి, "చేతులు ఎన్ని సెకన్లు కడగాల నాయనా?" అన్నాడు. పిల్లవాడు బిత్తరపోయాడు. "ఇరవై," అంది పెళ్లికూతురు తల వంచుకునే. ఆ పెళ్లికి వంట చేయడానికి వచ్చిన పోలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

పోలమ్మ అతని హోటల్లో పదకొండేళ్లుగా వంటమనిషి. ఆమె దిగులు ఆమెకుంది. అతనికి ఈ పిచ్చి పట్టకముందే బేస్తవారిపేటలో ఒక కాలేజీ వాళ్లు క్యాంటీన్ ఆమెకే ఇస్తామన్నారు, నెలలోపు ఈ సర్టిఫికెట్టే తెస్తే. సొంతంగా పొయ్యి పెట్టుకోవాలన్నది ఆమెకు ఎన్నాళ్ల కోరికో. ఉమామహేశ్వర్లుతో చెప్పుకుంది.

"అక్షరమ్ముక్క రానిదాన్ని, నాకెక్కడి పరీక్షన్నా?"

"సాంబారు మాడతాంది, చూడు పో," అన్నాడతను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ పూట పోలమ్మ చింతపండు పిసుకుతూ ఏడ్చింది. మర్నాడే అతను మార్కాపురం వెళ్లి, ఈ పిచ్చితో తిరిగొచ్చాడు.

మూడు వారాలయ్యాక ఆ పరీక్షకు ఆమె పేరూ తనే రాయించి, వద్దంటున్నా వినకుండా రైలెక్కించాడు. మార్కాపురంలో పరీక్ష పెట్టే మేడమ్ చదువు రానివాళ్లకు ప్రశ్నలు చదివి వినిపించింది. మొదటి ప్రశ్న వినగానే పోలమ్మకు సామ్యేలు ఏడుపుమొహం కళ్ల ముందు కదిలింది. జవాబు దానంతటదే నోట్లోంచి వచ్చింది. రెండోదీ అంతే, పదోదీ అంతే. అతను ఎప్పుడూ వంటగది కిటికీ వైపు తిరిగే ఎందుకు అరిచేవాడో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు.

సర్టిఫికెట్ తెచ్చి అతని ముందు పెట్టింది. "నాకే చెప్పొచ్చు గదన్నా? ఊరందరి చేతా పిచ్చోడనిపించుకున్నావు."

"కూర్చోబెట్టి చెప్తే నాకు రాదని లేచిపోతావు. పొయ్యి కాడ చెవులు ఖాళీయే గదా!"

"మరి నీకు వంటమనిషి?"

"చూద్దాంలే. నీ చేతి తిండి ఆ పిల్లోళ్లకు గూడా దక్కనీ," అన్నాడతను మొహం తిప్పుకుని.

సోమవారం పొద్దున బేస్తవారిపేట బస్సెక్కడానికి సంచితో వచ్చిన పోలమ్మ, చెప్పిపోదామని హోటల్లోకి తొంగిచూసింది. పొయ్యి దగ్గర ఉమామహేశ్వర్లు చెమటలు కక్కుతున్నాడు. ప్లేట్లలో ఇడ్లీలు రాళ్లలా ఉన్నాయి. తినేవాళ్లు మంచినీళ్లు తాగుతూ మింగుతున్నారు. కళ్లు తుడుచుకుందామనుకున్నదల్లా పోలమ్మ పకపకా నవ్వేసింది.

సంచి బెంచీ మీద పెట్టి, కొంగు బొడ్లో దోపింది.

"జరుగన్నా. ఇంకో బస్సుకు పోతాలే."