పురుగమ్మ పాట కట్టిన మస్తాన్ గారు

మా చిన్నప్పుడు... పత్తి చేలు మోకాలెత్తుకు వచ్చే రోజుల్లో మా ఊళ్ళోకి ఒక వ్యాను వచ్చేది. దాని మీద మైకు, లోపల హార్మణీ పెట్టె, ఆ పెట్టె వెనకాల మస్తాన్ గారు. వ్యాను చప్పుడు వినబడితే చాలు, కంచాలు వదిలేసి ఎంగిలి చేతుల్తోనే పరిగెత్తేవాళ్ళం.

సత్తెనపల్లి చుట్టుపక్కల మస్తాన్ గారి పేరు చెబితే ముందు నవ్వే వచ్చేది. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో హాస్యం వేషాలు వేసేవారట. పాటలు ఆయనే కట్టేవారు, ఆయనే పాడేవారు. జనం 'వన్స్ మోర్' అన్నారంటే మళ్ళీ పాడాల్సిందే... గొంతు బొంగురుపోయినా సరే. టీవీలొచ్చి నాటకాలు మూలపడ్డాక, పురుగుమందుల కంపెనీ ఒకటి ఆయన్ని ఈ ప్రచారం వ్యానెక్కించింది.

ఆయన పద్ధతే వేరు. మధ్యాహ్నమే వచ్చి టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎవరెలాంటివాళ్ళో కబుర్లలో లాగేసేవారు. సాయంత్రానికి ఆ పేర్లన్నీ పాటలోకి ఎక్కేవి. మా నాయనమ్మ మజ్జిగలో నీళ్ళు కలిపే సంగతి కూడా మైకులో మోగిపోయింది! ఆవిడ తిట్టుకుంటూనే మురిసిపోయింది. మస్తాన్ గారి పాటలో పేరు రావడమంటే మా ఊళ్ళో సన్మానం కిందే లెక్క.

ఆ ఏడు మా శేషయ్య బాబాయి పేరు వచ్చింది.

పురుగమ్మా పురుగమ్మా, పుట్టింటికి పోవమ్మా
పెట్టే బేడా సర్దుకుని పొద్దున్నే పోవమ్మా
శేషయ్య చేలో నీకింక చోటే లేదమ్మా...

కండువా నెత్తిన ముసుగేసుకుని, ముక్కు చీదుకుంటూ, పురుగమ్మలా ఏడుస్తూ ఆయన పాడుతుంటే జనం పడీపడీ నవ్వారు. బాబాయి ఆనందం చెప్పనలవి కాదు. ఊరందరి ముందూ పేరు పెట్టి పాడాక ఇంకో మందు కొడితే పరువేం కాను? "సగం చేనుకి వేరేది కొట్టరా" అని నాన్న ఎంత చెప్పినా వినలేదు. చేనంతా ఆ మందే కొట్టాడు.

పురుగు పోలేదు. ఏ కాయ చీల్చినా లోపల పచ్చగా మెదిలేది...

ఇక అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. నాయనమ్మ అటక మీది మందు డబ్బాలన్నీ తీసుకెళ్ళి ఎక్కడో పాతిపెట్టింది. బాబాయి ఎటెళ్తే అటు పిల్లల్లో ఒకరం వెంట వెళ్ళాలి. ఎందుకని అడిగితే పిన్ని కళ్ళొత్తుకునేది. ఆయన బావి వైపు నడిస్తే పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకునేవాళ్ళం. ఒకరోజు మా తమ్ముడు మర్చిపోయి ఆ పాట ఎత్తుకుంటే అమ్మ వాడి నోరు గట్టిగా మూసేసింది.

అలాంటి రోజుల్లో వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకేదో కొత్త మందు. మస్తాన్ గారు టీ కొట్టు దగ్గర ఆగలేదు. సాయంత్రం జనమైతే వచ్చారు గానీ, ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. ఆయన ఏదో పాడి ముగించబోతుంటే బాబాయి లేచి నిలబడ్డాడు.

"మస్తాన్ గారూ... పురుగమ్మ పాట. వన్స్ మోర్."

ఆయన పాడారు. ముసుగు లేదు, ఆ ఏడుపు నటనా లేదు. అవగానే బాబాయి మళ్ళీ "వన్స్ మోర్" అన్నాడు. ఈసారి వెనక నుంచి ఇంకొందరు కూడా అన్నారు, మెల్లగా... పళ్ళు బిగబట్టి. అంతమంది ఉండీ ఎవరూ నవ్వకపోతే ఆ పాట ఎంత భయంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. 'శేషయ్య చేలో' అనే చోటికి వచ్చేసరికి ఆయన పాట ఆపేశారు. హార్మణీ మూసేసి, వ్యాను దిగి, బాబాయి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"కొట్టవయ్యా శేషయ్యా, నన్ను కొట్టు. వాళ్ళు చెప్పింది నమ్మి పాడాను. మా తమ్ముడి చేలో కూడా అదే కొట్టించాను... వాడు మాకు దక్కలేదు."

అన్నాళ్ళూ కంట తడి పెట్టని బాబాయి అక్కడే కూలబడి బావురుమన్నాడు. ఎవరో లేపబోతే నాయనమ్మ అడ్డం వచ్చింది. "ఏడవనీండి నా బిడ్డని... ఏడవనీండి!" ఆ ఏడుపే బాబాయిని మాకు దక్కించిందని నేను ఇవాళ్టికీ నమ్ముతాను.

వ్యాను మస్తాన్ గారు లేకుండానే వెళ్ళిపోయింది. తర్వాత ఆయన పొదిలిలో పిల్లలకి హార్మణీ నేర్పుకుంటూ బతికారట. నవ్వించే పాట మాత్రం మళ్ళీ కట్టలేదు. ఆయన కట్టినవాటిల్లో అన్నిటికన్నా బాగున్న పాట ఆ పురుగమ్మ పాటే కావడం... తల్చుకుంటే ఏడుపొస్తుంది.

మొన్న మా అబ్బాయి ఫోన్ చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఏంట్రా అని తొంగిచూశాను. ఎవరో కుర్రాడు, మూతి వంకర్లు తిప్పుతూ, పందేల యాప్ గురించి పాడుతున్నాడు. ఎంత బాగా పాడాడో! నాకూ నవ్వొచ్చేసింది. నవ్వాక పురుగమ్మ పాట గుర్తొచ్చింది.

ఆ రోజు మస్తాన్ గారైతే మళ్ళీ మా ఊరొచ్చారు. మా కళ్ళలోకి చూశారు. ఇప్పుడు అలా వచ్చేవాళ్ళెవరు?

మీ ఇళ్ళల్లో పిల్లలు ఏ పాటలు పాడుతున్నారండీ? కాసేపు పక్కన కూర్చుని వినండి... విని కింద రాయండి. ఆ పాడేవాడిది ఏ ఊరో తెలిస్తే, అది కూడా రాయండి.