కిరాయి గిన్నెల సార్

మా కంప్యూటర్ సార్ పోయారు. పోయిన వారం పొద్దున్నే అమ్మగారు, అంటే సార్ భార్య, ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. ఏడుపు ఆపుకుంటూ, "ఆయన కంప్యూటర్ ఇంకా నడుస్తనే ఉంది బిడ్డా, ఎట్ల బంద్ చేయాల్నో నాకు తెల్వది" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎట్లా ఆపాలో చెప్పాను.

ఆయన ఎలాంటి మనిషో మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకుని కంప్యూటర్ నేర్పేవారు. మాది అడవి పక్క ఊరు. ఎండాకాలం బీడీల కోసం తునికాకు కోత, మిగతా రోజులు కూలి. ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు చెప్పులు బయట విడవాలని కూడా నాకు తెలియదు. సార్ నా చెప్పులు చూసి, "రానీ బిడ్డా, మిషిన్ ఏమన్న దేవుడా" అన్నారు.

వానకు తడవకుండా సీడీలను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తిరిగేవారు. మధ్యాహ్నం ఆకలితో మూత తీసి బిక్కమొహం వేసినవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. మిషిన్ ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ, అది లేచేదాకా చర్చి పాట ఒకటి అందుకునేవారు. శ్రుతి అనే మాటతో ఆయనకు పరిచయం లేదు. ఆ పాట భరించలేకే మిషిన్ జల్దీ లేస్తుందని మేం గుసగుసలాడితే, విని ఇంకా గట్టిగా పాడేవారు.

ఆయన పాఠాల్లో నాకు అన్నం పెట్టింది ఒకటుంది. మిషిన్‌ని నడిపే లినక్స్ తన సామాను తనతోనే తెచ్చుకుంటుంది. తనే సర్దుకుంటుంది, తనే మార్చుకుంటుంది. మనం పెర్ల్ భాషలో ప్రోగ్రాం రాసేటప్పుడు అదనపు మాడ్యూళ్లు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు, కొన్ని బయటినుంచి తెచ్చుకుంటాం. రెంటినీ ఒకేచోట పెడితే పేచీ. సార్ దీన్ని పెండ్లి ఇంటి లెక్కన చెప్పేవారు. "టెంట్ హౌస్ గిన్నెలు తెచ్చి అమ్మ అల్మారాల పెడ్తరా? అమ్మ ఇల్లు సర్దేటప్పుడు అవి ఏడవోతయో ఎవరికి ఎరుక? ఇంటి గిన్నెలు ఇంట్ల, కిరాయి గిన్నెలు పందిరి కింద." వెనకాల మేం ఆయన్ని కిరాయి గిన్నెల సార్ అనేవాళ్లం. ఆ సంగతీ ఆయనకు తెలుసు.

చదువయ్యాక నదికి అవతల బూర్గంపాడు వైపున్న ఒక మిషన్ దవాఖానాలో సార్ నాకు ఉద్యోగం ఇప్పించారు. వచ్చినవాళ్ల పేరు, వయసు, ఊరు కంప్యూటర్‌లో కొట్టి చీటీ తీసివ్వాలి. మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీ కూడా చీటీలోనే పడుతుంది. ప్రోగ్రాం సార్ రాసిందే.

ఒక వానాకాలం, జ్వరాల రోజుల్లో, సార్ వచ్చి కొత్త సీడీతో లినక్స్‌ని అప్‌డేట్ చేసి వెళ్లారు. మర్నాడు ప్రోగ్రాం తెరుచుకోలేదు. తెర మీద ఏదో తేదీల మాడ్యూలు గొడవ. వరండా నిండా జనం, మూలుగులు. దవాఖానా నడిపే సిస్టరమ్మ చెడ్డమనిషి కాదు. కానీ చేత్తో రాసుకుంటే పోయేదానికి మిషిన్ ఎందుకు, దానికో మనిషెందుకు అన్నారు. ఆ మనిషిని నేనే. కౌంటర్ మూస్తే నేను మళ్లీ కూలికే పోవాలి. సార్‌కి ఫోన్ చేశాను.

దొరికిన బస్సెక్కి టిఫిన్ డబ్బాతో దిగారు. తెర మీది అక్షరాలు చదివి పొట్ట పట్టుకుని నవ్వారు. "నేనే బిడ్డా. కిరాయి గిన్నెను అల్మారాల పెట్టింది నేనే." ఊరంతటికీ చెప్పిన మనిషి, తొందరలో కొత్త మాడ్యూలును లినక్స్ సొంతదాని మీదే పెట్టేశారట. అప్‌డేట్ వచ్చి దాన్ని తుడిచి, తన పాతదాన్ని తిరిగి పెట్టుకుంది. మన ప్రోగ్రాంకేమో కొత్తదే కావాలి.

కొత్తదాన్నే మళ్లీ ఆ చోట వేసేద్దామా అని అడిగాను. "మల్ల గదేనా? లినక్స్ పనులు లినక్స్‌కుంటయ్ గద. పాతది దానికి ఉండనీ" అని, నన్నే కుర్చీలో కూర్చోబెట్టి తను వెనక నిలబడ్డారు. వేరే ఫోల్డరు చేశాను. డబ్బాలోని సీడీ నుంచి కొత్త మాడ్యూలును అందులో వేశాను. ముందు అక్కడే వెతుక్కొమ్మని ప్రోగ్రాంలో ఒక వరుస రాశాను. సార్ పాట కూడా పాడలేదు. ప్రోగ్రాం తెరుచుకుంది.

మళ్లీ ఇట్లా అయితే మీరు వెంటనే రాగలరా అని సిస్టరమ్మ అడిగారు.

"నేనెందుకు వస్త సిస్టరమ్మా? చేసింది ఈ బిడ్డ. నేను చూసుకుంట నిలబడ్డ, అంతే."

సిస్టరమ్మ నా వైపు తిరిగి, "మరి కూసున్నవేంది, జనాన్ని పిలువు" అన్నారు. ఆ కౌంటర్ మళ్లీ ఎప్పుడూ మూతపడలేదు.

ఆ రోజు సార్ వెళ్లి అందరితో పాటు వరుసలో నిలబడ్డారు. వంతు రాగానే అందరినీ అడిగినట్టే పేరు, ఊరు అడిగాను. ఏంది బాధ అంటే మోకాలు నొప్పన్నారు. చీటీ చేతికిస్తే, కళ్లజోడు పైకి జరిపి తేదీ సరిచూసుకుని, నిజంగానే డాక్టర్ దగ్గరికెళ్లి గోళీలు తెచ్చుకున్నారు. అంతలో బస్సు వచ్చింది. మోకాలు నొప్పి మనిషి డబ్బా చంకన పెట్టుకుని పరుగెత్తి ఎక్కారు. బస్సు వంతెన వైపు తిరిగేదాకా, కిటికీలోంచి ఆయన చెయ్యి ఆ చీటీని జెండాలా ఊపుతూనే ఉంది.