బస్సులో వదిన

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను. ప్రత్తిపాడు నుంచి గుంటూరుకు మేం కాలేజీకి వెళ్ళే ఆర్టీసీ బస్సులో మగపిల్లలు ఒక చట్టం పెట్టుకున్నారు. ఒక పిల్లకు ముందుగా ఎవడు లైన్ వేస్తే ఆ పిల్ల వాడిది. ఆ రోజు నుంచి వాడి స్నేహితులందరికీ ఆమె వదిన. ఆ పిల్లను ఒక్క మాట అడగాలని ఎవడికీ తోచేది కాదు. పైగా అదేదో మర్యాద అనుకుని సీటు కూడా ఇప్పించేవాళ్ళు.

బీటు కొట్టడమనే మాట పోలీసుల గస్తీ నుంచి వచ్చిందని మా సీనియర్ ఒకడు గొప్పగా చెప్పేవాడు. లైన్ వేయడం ఎక్కడిదో వాడికీ తెలియదు. ఎక్కడ పుడితే నాకేం? లైన్ వేసేది వాళ్ళు, బీటు కొట్టేది వాళ్ళు, పడేసేది వాళ్ళు. పడటం ఒక్కటీ మా వంతు. ఇద్దరూ కలిసి సినిమాకు వెళ్తే వాడు మొనగాడు, ఆ పిల్ల బరితెగించింది.

నాకు లైన్ వేసినవాడు మా ఊరివాడే. వాడితో నేను మాట్లాడింది ఒక్కసారి, కాలు తొక్కాడని తిట్టడానికి.

మిరపకాయలు అమ్మడానికి గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన నాన్న ఒక సాయంత్రం మా బస్సే ఎక్కి వెనక నిలబడ్డాడు. నేనాయన్ని చూసేలోపే ఒకడు అరిచాడు.

"ఒరేయ్, లేవరా, వదిన నిలబడుంది."

తెల్లారేసరికి నాన్న నా పుస్తకాలు అటకెక్కించి, ఇక కాలేజీ లేదన్నాడు. పరీక్షలకు ఇంకా ఇరవై రోజులున్నాయి.

ఒళ్ళు మండిపోయి ఆ మధ్యాహ్నమే నాకు లైన్ వేసినవాడి ఇంటివాళ్ళ కల్లానికి వెళ్ళాను. వాడి తల్లి కూలీలతో కూర్చుని ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. జరిగింది చెప్పి, మా నాన్నతో ఒక్కసారి మాట్లాడమని అడిగాను. ఆమె తలెత్తకుండానే నవ్వింది.

"వయసులో ఉన్న మగపిల్లలమ్మా, సరదాకి అనుంటారు. నువ్వే కాస్త తలొంచుకుని పోవాల్సింది."

తాలుకాయల గంపను ఒక్క తన్ను తన్నాను. అవన్నీ మళ్ళీ మంచికాయల్లో కలిసిపోయాయి. కూలీల పూట కష్టం పాడుచేసినందుకు తర్వాత బాధపడ్డాను గానీ ఆవిడకు మాత్రం క్షమాపణ చెప్పలేదు.

ఆ కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. నాన్న నన్ను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదమ్మా, నాకు తెలుసు. కానీ రేపు సంబంధానికొచ్చేవాళ్ళు నన్నడగరు. ఆ బస్సులో వాళ్ళనడుగుతారు."

వాడు పరీక్షలు రాశాడు. నేను రాయలేదు. వాడిమీదా, వాడి తల్లిమీదా నా కోపం ఎప్పుడో చల్లారింది. నన్ను పూర్తిగా నమ్మి, వాణ్ణి ఒక్క మాట అడక్కుండా నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన మా నాన్న మీద మాత్రం ఇంకా చల్లారలేదు.